చేపలకి పెళ్ళి ఫోటోలు: ఒక బరంపురం స్టూడియోవాడి పద్ధతి

మా స్టూడియో గోడల నిండా పెళ్ళికూతుళ్ళే. ఒడిశాలో ఉన్న మా బరంపురం పెద్దబజారు నుంచి అటు ఛత్రపురం దాకా, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట దాకా ఇరవై ఏళ్ళకి పైగా పెళ్ళిళ్ళు తీశాను. ఇంత తీసినవాణ్ని, నా బల్ల పక్కనే నాలుగేళ్ళు పెరిగిన ఆస్కార్ చేపని మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా తీయలేదు. పొద్దున్న షట్టరు ఎత్తగానే అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. రోజూ కనబడే మొహమే కదా అని ఊరుకున్నాను.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా వీధికి మళ్ళీ కరెంటు రావడానికి వారం దాటింది. మోటారు ఆగిన ట్యాంకులో ఆస్కార్ మూడో రోజున పైకి తేలింది. తర్వాత కూర్చుని పాత మెమరీ కార్డులన్నీ వెతికితే దాని ఫోటోలు మూడు దొరికాయి. ఒకదాంట్లో ట్యూబులైటు ఉంది. ఒకదాంట్లో కెమెరా పట్టుకుని నేనున్నాను. మూడోదాంట్లో తోక ఉంది.

ఆ మరుసటి ఆషాఢంలో కొత్త ట్యాంకు పెట్టాను. ఆషాఢమంటే తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు ఉండవు, స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తప్ప పని ఉండదు. పీట వేసుకుని అద్దం ముందు కూర్చునేవాణ్ని. మా బావమరిది వచ్చి చూసి, "ఏటి బావా, చేపలకి కూడా పెళ్ళి ఫోటోలు మొదలెట్టీసేవేటి?" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అన్నదే గానీ, నాకు పనికొచ్చింది. పెళ్ళిలో పనికొచ్చే విద్యలో సగం ఇక్కడా పనికొస్తుంది. మిగతా సగం మాత్రం తిరగబడుతుంది. ముఖ్యంగా ఫ్లాష్.

నా దగ్గరున్నవి ఇవి. స్టూడియోలో రెండున్నర అడుగుల మంచినీళ్ళ ట్యాంకు, అందులో డజను నియాన్ టెట్రాలు, ఒక జత ఏంజెల్ చేపలు, అడుగున పాచి గీకే ఒక సకర్. పక్కన చిన్న ట్యాంకులో ఒంటరిగా ఒక నీలం ఫైటర్. ఇంట్లో ఉప్పునీళ్ళ ట్యాంకు ఒకటి. అందులో క్లౌన్ చేపల జంట, ఒక క్లీనర్ రొయ్య, రెండు సన్యాసి పీతలు. ఇక్కడ చెప్పేదంతా వీటి ముందు కూర్చుని నేర్చుకున్నదే.

కెమెరా తీయకముందు

ముందు ట్యాంకు వంక ఒకసారి చూడండి. వెనక అద్దానికి సముద్రం పోస్టరు అంటించి ఉందా? అడుగున నీలం రాళ్ళు, గులాబి రాళ్ళు ఉన్నాయా? నోరు తెరిచి బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి ఉందా? నాకూ ఉండేది. కొట్టు కుర్రాడు చేపలతో పాటు ఉచితంగా ఇచ్చాడు. ఫోటోలో ఇవన్నీ చేపకన్నా ముందు కళ్ళలో పడతాయి. పోస్టరు పీకేసి నల్ల చార్టు పేపరు బయటివైపు నుంచి అంటించండి. రాళ్ళు తీసేసి నల్ల ఇసుక వేయండి. ఫోటో సంగతి అటుంచి, ముదురు అడుగు మీద చేప రంగు కూడా ముదురుతుంది. తెల్లరాళ్ళ మీద ఉన్న చేప అడుగుకి తగ్గట్టు తన రంగు తగ్గించుకుంటుంది. కొన్నాళ్ళు ఆగితే తేడా మీకే కనిపిస్తుంది.

నీళ్ళు మార్చడం ముందురోజే అయిపోవాలి. ఫోటోలు తీసే రోజు మారిస్తే కొళాయి నీళ్ళలోని గాలి సన్న బుడగలై అద్దానికీ ఆకులకీ అంటుకుంటుంది. మేత కూడా ముందు వేయకండి. తునకలు నీళ్ళలో తేలుతూ, వెలుగు పడగానే ఫోటో నిండా తెల్లచుక్కలైపోతాయి. తీసేముందు ఫిల్టరు, గాలి మోటారు ఆపి పది నిమిషాలు ఆగితే నలకలు కిందికి దిగుతాయి, ఆకులు ఊగడం మానేస్తాయి. ఈ ఫిల్టరు ఆపడం దగ్గర నా మీద పాత కేసు ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

అద్దం బయటివైపు మెత్తటి గుడ్డని నీళ్ళలో తడిపి తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిస్తే చాలు. కిటికీలకి కొట్టే స్ప్రే ట్యాంకు దగ్గర కొట్టకండి. అందులో చాలావాటికి అమ్మోనియా ఉంటుంది, నీళ్ళలో పడితే చేపకి విషం. లోపలివైపు పాచికి అయస్కాంతం బ్రష్ ఉంటుంది. దాని మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, అద్దం మీద గీత పడుతుంది. మా ట్యాంకు కుడివైపు, కిందనుంచి జానెడు ఎత్తులో అలాంటి గీత ఒకటుంది. పదకొండేళ్ళుగా ఆ గీతని తప్పించే ఫోటోలు తీస్తున్నాను. ఇప్పుడు బ్రష్ మానేసి గడువు తీరిన ఏటీఎం కార్డుతో గీకుతున్నాను.

అద్దానికి ఎదురుగా, అద్దాన్ని ఆనుకుని

గ్లాసు నీళ్ళలో చెంచా వేస్తే విరిగినట్టు కనిపిస్తుంది కదా. ఏటవాలుగా తీసిన అక్వేరియం ఫోటోకి పట్టే గతి అదే. చేప నుంచి వచ్చే వెలుగు నీళ్ళలోంచి గాజులోకి, గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. ఒక్కో రంగు ఒక్కోలా వంగుతుంది కాబట్టి, ఏటవాలుగా చూస్తే అంచులకి ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం చారలొస్తాయి. మీరు ఫోకస్ కుదరలేదనుకుని లెన్సుని తిడతారు. లెన్సు తప్పేం లేదు. లెన్సు మొహం అద్దానికి సరిగ్గా ఎదురుగా, సమానంగా ఉండాలి. చేప పక్కకి వెళితే కెమెరాని తిప్పకండి, కెమెరాతో పాటు మీరూ పక్కకి జరగండి. గుండ్రటి గాజు బౌలులో ఉన్న చేపకి మాత్రం నేనేమీ చెప్పలేను. అసలు ఆ బౌలు చేపకే ఇరుకు.

రెండో సంగతి అద్దంలో పడే నీడలు. మన ట్యాంకులు హాల్లో టీవీ పక్కన, కిటికీకి ఎదురుగా ఉంటాయి. అద్దంలో టీవీ ఉంటుంది, కిటికీ ఉంటుంది, బనియనుతో మనం ఉంటాం. రాత్రి పూట, గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ట్యాంకు దీపం ఒక్కటే ఉంచి తీయండి. ముదురు రంగు చొక్కా వేసుకోండి. అన్నిటికన్నా మేలైనది లెన్సుకి రబ్బరు హుడ్ తొడిగి దాన్ని అద్దానికి ఆనించేయడం. అప్పుడు బయటి వెలుగు లోపలికి దూరడానికి దారే ఉండదు. నా హుడ్ చిరిగిపోయినప్పుడు మా ఆవిడ నల్ల గొడుగుకి నడిమధ్య కన్నం చేసి వాడాను. ఫోటోలు బాగానే వచ్చాయి. గొడుగు సంగతి ఇంకా సద్దుమణగలేదు.

పోలరైజర్ ఫిల్టరు పెడితే నీడలు పోతాయని కొందరంటారు. పోతాయి, కానీ ఏటవాలుగా తీసినప్పుడే పోతాయి. ఏటవాలుగా తీయకూడదని ఇప్పుడే కదా చెప్పుకున్నాం. పైగా అది సగానికి పైగా వెలుగు తినేస్తుంది. డబ్బు దాచుకోండి.

పీట మాట ముందే చెప్పాను. అది అలంకారానికి కాదు. కెమెరా చేప కళ్ళ ఎత్తులో ఉండాలి. నిలబడి పైనుంచి తీసిన చేప ఫోటో, మేడ మీంచి తీసిన పెళ్ళికొడుకు ఫోటో ఒక్కలాగే ఉంటాయి.

వెలుగు పైనుంచి రావాలి

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. పెళ్ళిలో కెమెరా మీద ఫ్లాష్ పెట్టి ఎదురుగా కొడతాం. అలవాటు ప్రకారం ఇక్కడా కొట్టాను. అద్దం మీద ఫ్లాష్ పేలి మధ్యలో తెల్లటి గుండ్రం వచ్చింది. పక్కకి జరిగి కొడితే గుండ్రం పోయింది గానీ, చేప ఒంటి మీద తెల్ల మరక పడింది. చేప పొలుసుల కింద సన్నటి పలకల్లాంటి స్ఫటికాలుంటాయి. వెండిలా మెరిసేది అవే. అవి చిన్నచిన్న అద్దాలనుకోండి. ఎదురుగా కొట్టిన వెలుగు ఎదురుగానే తిరిగి వస్తుంది. అదే వెలుగు పైనుంచి పడితే ఆ పలకలు ఒక్కొక్కటీ ఒక్కో రంగు విసురుతాయి. నియాన్ ఒంటి మీది నీలం గీత అప్పుడే వెలుగుతుంది. నదుల్లో ఎండ పడేది పైనుంచే కాబట్టి, మన కంటికి కూడా అదే సహజంగా ఉంటుంది.

అందుకని ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి ట్యాంకు మూత మీద బోర్లా పెడతాను. మూత గాజుది, చెమ్మ తుడిచి ఉండాలి. ఫ్లాష్ కింద ఒక పొర ట్రేసింగ్ పేపరు వేస్తే వెలుగు మెత్తబడుతుంది. కెమెరాకీ ఫ్లాష్‌కీ మధ్య, తీగ లేకుండా ఫ్లాష్‌ని వెలిగించే రేడియో ట్రిగ్గరు. పెళ్ళి స్టూడియోల్లో అందరి దగ్గరా ఉండేదే. ఫ్లాష్ మూతకి మధ్యలో కాదు, ముందు అద్దం వైపు జరిపి పెట్టండి. చేపకి వెనకగా ఉంటే మనవైపు ఒళ్ళంతా చీకటి. పొట్ట కింద నల్లగా వస్తుంటే రెండు పక్క అద్దాలకి బయటనుంచి తెల్ల థర్మకోల్ ముక్కలు ఆనించండి. పెళ్ళికూతురి గడ్డం కింద రిఫ్లెక్టరు పట్టుకున్నట్టే.

ఫ్లాష్ పవరు పూర్తిగా పెట్టకండి. ఎనిమిదో వంతు, పదహారో వంతు చాలు. తక్కువ పవరులో ఫ్లాష్ వెలిగే సమయం మరీ చిన్నది, రెప్పపాటులో వందోవంతు కూడా ఉండదు. చేప ఎంత చురుగ్గా తిరిగినా రెక్క అంచు కోసినట్టు వస్తుంది. గదంతా చీకటి చేసి ఒక్కసారిగా ఫ్లాష్ కొడితే మాత్రం చేపలు ఉలిక్కిపడి ఎగురుతాయి. ట్యాంకు దీపం వెలిగించి అరగంట గడిచాకే మొదలుపెట్టండి. నియాన్లకి ఇది ఇంకా అవసరం. రాత్రి చీకట్లో వాటి రంగు వెలిసిపోతుంది. దీపం వేసిన వెంటనే తీస్తే జ్వరం వచ్చి లేచినవాళ్ళలా ఉంటాయి.

ఫ్లాష్ లేనివాళ్ళు ఎల్‌ఈడీ వీడియో లైటు పైనుంచి పెట్టుకోవచ్చు. పాత హాలోజన్ లైటు పెట్టకండి. నేను పెట్టాను. పది నిమిషాల్లో మూత అద్దం టప్పుమని రెండు ముక్కలైంది. అదృష్టం బాగుండి ముక్కలు నీళ్ళలో పడలేదు.

చవక ఎల్‌ఈడీలతో ఇంకో చిక్కుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దానికి తగ్గట్టు దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఫోటోలో అడ్డంగా నల్లపట్టీలు వస్తుంటే కారణం ఇదే. షట్టరు 1/100 లేదా 1/50 పెడితే పోతాయి. కానీ ఆ స్పీడుకి ఏంజెల్ లాంటి నెమ్మదస్తులే లొంగుతారు. వెలుగు తగ్గించే బటను ఉన్న దీపమైతే పూర్తి వెలుగులో ఉంచి చూడండి, చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

సెట్టింగులు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఫ్లాష్‌తో అయితే మాన్యువల్, షట్టరు 1/200 సెకను, లెన్సు కన్నం ఎఫ్ 8, వెలుగుని పట్టే శక్తి, అంటే ఐఎస్‌ఓ, 200. ఫ్లాష్ లేకపోతే ఎఫ్ 4, షట్టరు 1/160, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200 దాకా. జీబ్రా చేపలు మీ ట్యాంకులో ఉంటే 1/500 కూడా చాలదు. లెన్సు 100 మాక్రో, అంటే చిన్నవాటిని దగ్గరగా పెద్దగా తీసేది, ఉంటే మంచిది. లేకపోతే 50 లెన్సుకి ఎక్స్‌టెన్షన్ ట్యూబు తగిలించండి. కుదిరితే రా ఫైలులో, అంటే కెమెరా మార్పులు చేయని ముడి ఫైలులో, తీయండి.

వెంటపడకండి

తలంబ్రాలు తీసినవాళ్ళకి తెలుసు. మొదటి దోసిలి పోసేటప్పుడు నాలుగు చేతులూ రెండు మొహాలకి అడ్డం. బియ్యం పడ్డాక ఇద్దరూ కళ్ళు మూసేస్తారు. ఆ తర్వాత, రెండో దోసిలికి వంగే ముందు, అర సెకను ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఫోటో అక్కడుంది. బియ్యం వెంట కెమెరా తిప్పేవాడికి అది దొరకదు.

చేపల్లోనూ అంతే. కొత్తలో నేను వ్యూఫైండర్‌లోంచి చేప వెంట తిరిగేవాణ్ని. మెడనొప్పి తప్ప ఏమీ రాలేదు. ఒకరోజు విసుగొచ్చి కెమెరా ఒళ్ళో పెట్టుకుని అరగంట ఊరికే చూశాను. ఏంజెల్ జంటలో పెద్దది ఎడమ మూల మొక్క దగ్గర బయలుదేరి ఫిల్టరు గొట్టం దాకా వెళుతోంది, అక్కడ వెనక్కి తిరుగుతోంది, మళ్ళీ మొక్క దగ్గరికి. గంటకి పాతికసార్లు అదే దారి. తిరిగే మలుపులో దాని ఒళ్ళంతా అద్దానికి పక్కవాటుగా నిలుస్తోంది, వేగం దాదాపు ఆగిపోతోంది, బ్యాలెన్సు కోసం రెక్కలు పూర్తిగా విచ్చుకుంటున్నాయి. నాకు కావలసిన మూడూ ఒకే చోట, ఒకే క్షణంలో.

ఆ తర్వాత నా పద్ధతి మారలేదు. ఆటోఫోకస్ ఆపేస్తాను. మలుపు దగ్గర ఉన్న ఆకు మీద చేత్తో ఫోకస్ పెట్టేస్తాను. కెమెరా స్టాండు మీద ఉంటుంది, కళ్ళు మాత్రం ట్యాంకు మీద ఉంటాయి. చేప వస్తుంది. కన్ను ఆకు దాటే వేళకి నొక్కుతాను. కన్ను పదునుగా లేకపోతే మిగతా ఒళ్ళు ఎంత బాగా వచ్చినా ఆ ఫోటో చెరిపేస్తాను. చేప మనవైపు వస్తున్నట్టుండాలి, కనీసం పక్కవాటుగా ఉండాలి. పోతున్న తోక ఫోటో నా దగ్గర ముందే ఒకటుంది.

ముందు అద్దానికి దగ్గర్లో తిరిగే చేపనే తీయండి. వెనక్కి పోయిన కొద్దీ మధ్యలో నీళ్ళు ఎక్కువవుతాయి, రంగు చప్పబడుతుంది. కొందరు ట్యాంకులో ఇంకో గాజు పలక దించి, ముందు అద్దానికీ పలకకీ మధ్య చేపని ఇరికించి తీస్తారు. ఫోటో ఖచ్చితంగా వస్తుంది. కానీ చేప మొహంలో పోలీస్ స్టేషన్ ఫోటో కళ వస్తుంది. రెక్కలు ఒంటికి అంటించేసుకుంటుంది. నేను రెండుసార్లు చేసి మానేశాను.

ఫైటర్ సంగతి వేరే చెప్పాలి. దానికి మొప్పలతో పాటు పైకి వచ్చి గాలి మింగే అవయవం కూడా ఉంటుంది. రెండు మూడు నిమిషాలకోసారి పైకి వచ్చి, నీటి పొర మీద నోరు పెట్టి ఒక గుటక వేస్తుంది. చెవి పెడితే చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. గుటక వేశాక రెండంగుళాలు కిందికి జారి, అక్కడ ఆగి, చీర కుచ్చిళ్ళు విదిలించినట్టు తోక విప్పుతుంది. నేను కాచుకునేది ఆ రెండంగుళాల దగ్గర. అద్దం చూపిస్తే మొప్పలు విప్పి పోట్లాటకి వస్తుంది, ఆ ఫోటోలు అందరికీ ఇష్టం. కానీ రెండు నిమిషాలు దాటనివ్వకండి. అద్దంలోని శత్రువు ఎంతకీ వెనక్కి తగ్గడు, పాపం ఇది అలసిపోతుంది. మూలన నురగలా బుడగల గూడు కట్టి ఉంటే ఆ రోజు అసలు అద్దం చూపించకండి, గూడునే ఫోటో తీయండి. పైనుంచి వెలుగు పడితే ఒక్కో బుడగలో ఒక్కో దీపం కనిపిస్తుంది.

ఫోనుతో

ఫోనులో కూడా ఇదే వరస: గది చీకటి, ఫోను అద్దానికి ఆనాలి, ఫ్లాష్ ఆఫ్. వెడల్పు లెన్సు వద్దు, రెండింతలు జూమ్ ఇచ్చే లెన్సు ఉంటే అది. పోర్ట్రెయిట్ మోడ్ పెడితే పారదర్శకంగా ఉండే రెక్క అంచుల్ని వెనక చీకటనుకుని కత్తిరించేస్తుంది. నైట్ మోడ్ నాలుగైదు ఫోటోలు కలిపి ఒకటి చేస్తుంది, ఈలోగా చేపకి రెండు తోకలు. రెండూ ఆపండి. మలుపు దగ్గరి ఆకు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ తాళం పడుతుంది. వెనక నలుపు ఎక్కువగా ఉంటే ఫోను వెలుగు పెంచేసి చేపని తెల్లగా చేస్తుంది కాబట్టి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. బటను వదలకుండా వరసగా తీయండి. యాభైలో ఒకటి దక్కితే మంచి రోజు. నాకూ అంతకన్నా ఎక్కువేం దక్కవు.

ఉప్పునీళ్ళ ట్యాంకు

గోపాల్‌పూర్ బీచి మాకు దగ్గరే కదా అని, మొదట్లో క్యానులతో సముద్రం నీళ్ళు మోసుకొచ్చాను. వానాకాలం. వాన నీళ్ళు, ఏటి నీళ్ళు కలిసి ఒడ్డు నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. వారం వడకట్టినా తేటపడలేదు. ఇప్పుడు ఆర్‌ఓ నీళ్ళలో కొట్టులో అమ్మే సముద్రపు ఉప్పు కలుపుతున్నాను, లీటరుకి 35 గ్రాముల లెక్కన. బీచిలో వలలు దులిపేటప్పుడు పడేసినవాటిలో సముద్ర గుర్రమో, పగడం ముక్కో కనిపిస్తే ట్యాంకు కోసం తెచ్చుకోకండి. రెండూ 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

ఈ ట్యాంకు దీపాలు నీలంగా ఉంటాయి. కెమెరా ఆ నీలాన్ని తట్టుకోలేక క్లౌన్ చేపని వంకాయ రంగులో చూపిస్తుంది. తెల్ల ఛానెల్ విడిగా ఉన్న దీపమైతే ఫోటోకి అది పెంచి నీలం తగ్గించండి. లేకపోతే కెమెరాలో రంగుల తూకం సర్దే వైట్ బ్యాలెన్సు 10,000 కెల్విన్ దాకా పెంచండి, ఫోను అయితే లెన్సు ముందు నారింజ రంగు జెల్ కాగితం పెట్టండి. అద్దం అంచున, మూత దగ్గర ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఫ్లాష్ పాదం ఆ తడి ఉప్పుకి తగిలితే రాగి భాగాలు పచ్చబడి పనిచేయవు. నేను ఫ్లాష్‌ని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టి అప్పుడు మూత మీద ఉంచుతాను.

క్లౌన్ చేపలు ఒక్కచోట నిలబడి ఊగుతూనే ఉంటాయి కానీ ఆ చోటు వదిలి పోవు. నేర్చుకునేవాళ్ళకి ఇవే సులువు. జంటలో పెద్దది ఆడది. అన్నీ పుట్టడం మగవిగానే పుట్టి, పెద్దదయ్యేది ఆడగా మారుతుంది. సన్యాసి పీత నీడ పడితే చాలు గవ్వలోకి దూరుతుంది. కెమెరా పెట్టేసి, చెయ్యి ఆడించకుండా ఐదు నిమిషాలు కూర్చుంటే ముందు మీసాలు, తర్వాత కాడల మీద కళ్ళు బయటికొస్తాయి. కళ్ళు రెండూ పూర్తిగా వచ్చేదాకా నొక్కకండి.

క్లీనర్ రొయ్యకి వీపు మీద ఎర్రటి పట్టా, దాని మధ్య తెల్లగీత, బారెడు తెల్లమీసాలు. ఆ తెలుపు కాలిపోకుండా వెలుగు కాస్త తగ్గించి తీయాలి. ఒకరోజు పొద్దున్న చూస్తే రొయ్య అడుగున పక్కకి ఒరిగి కదలకుండా పడి ఉంది. మా ఆవిడ, "ఏమండీ, రొయ్య పోయినట్టుంది" అని పిలిచింది. చేపల వలతో తీస్తే బరువే లేదు. కళ్ళ మీది పొరతో సహా, మీసాల తొడుగులతో సహా ఖాళీ చొక్కా. అసలు రొయ్య రాయి వెనక కొత్త చర్మంతో, మెత్తగా, భయంభయంగా దాక్కుని ఉంది. ఆ ఖాళీ పెంకుని నల్లగుడ్డ మీద పెట్టి తీశాను. నా ఉప్పునీళ్ళ ఫోటోల్లో నాకు నచ్చింది అదే.

కంప్యూటర్లో

ఎక్కువ చేయకండి. నలుపు కొంచెం దించి, నీళ్ళలో తేలే చుక్కలు చెరిపితే చాలు. రంగు పెంచే మీట దగ్గర చెయ్యి అదుపులో పెట్టుకోండి. పెళ్ళికూతుళ్ళని తెల్లగా చేయమని అడిగేవాళ్ళతోనే పడలేకపోతున్నాను, చేపలైనా అడగవు కదా.

చెరిపే ముందు మాత్రం ఆ చుక్కలు నీళ్ళలో ఉన్నాయా, చేప మీద ఉన్నాయా చూడండి. పోయిన ఏడాది ఏంజెల్ ఫోటో పెద్దది చేసి చుక్కలు చెరుపుతున్నాను. తోక మీద మూడు, వీపు రెక్క మీద రెండు. పక్క ఫోటోలోకి వెళితే అవే ఐదు, అవే చోట్ల. ఉప్పురవ్వల్లా ఉన్నాయి. తెల్లచుక్కల జబ్బు. మామూలు కంటికి అప్పటికి ఏమీ తెలియడంలేదు. ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టాను, నీళ్ళ వేడి మెల్లగా పెంచాను. ఒక్క నియాన్ పోయింది, మిగతావి దక్కాయి. అప్పటినుంచి ప్రతి ఆదివారం ప్రతి చేపకీ ఒక పక్కవాటు ఫోటో తీసి తేదీ వేసి ఉంచుతున్నాను, బాగా వచ్చినా రాకపోయినా.

ఇక ఫిల్టరు కేసు. కొత్త ట్యాంకు పెట్టిన మొదటి సంవత్సరమే, ఒక రాత్రి ఫోటోలు బాగా వచ్చాయన్న సంబరంలో ఫిల్టరు వేయడం మరిచి షట్టరు దించి ఇంటికి పోయాను. మర్నాడు పది గంటలకి వచ్చేసరికి నియాన్లు డజనూ పైన నీటి పొర దగ్గర నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కంగారులో వెంటనే స్విచ్చి వేశాను. అది ఇంకో తప్పు. రాత్రంతా నిలిచిన స్పాంజిలోని కుళ్ళు నీళ్ళన్నీ ట్యాంకులోకి కొట్టింది. అలాంటప్పుడు ముందు స్పాంజి తీసి ట్యాంకు నీళ్ళలోనే పక్కన బకెట్లో పిండి, సగం నీళ్ళు మార్చి, అప్పుడు వేయాలి. ఆ వారంలో నాలుగు పోయాయి.

ఇప్పుడు ఫిల్టరు ఆపగానే స్కూటర్ తాళం తీసి ఆ స్విచ్చికి తగిలిస్తాను. అది తీయకుండా ఇంటికి వెళ్ళలేను కదా. నిన్న రాత్రి కూడా తాళం తీసుకున్నాను, స్విచ్చి వేశాను, షట్టరు దించాను. గేట్ బజార్ దాకా వెళ్ళి, ఎందుకో టెన్షన్ పట్టి, బండి తిప్పుకుని వచ్చి షట్టరు జానెడు ఎత్తి చెవి పెట్టాను. మోటారు నడుస్తోంది.